నవ్వొచ్చింది, అర్థం కాలేదు

మాస్టారు పోయారని నాకు నెట్‌లో తెలిసింది. ఆయన ట్యూషన్ మూతపడింది కూడా నెట్ వల్లే కాబట్టి, కబురు చెప్పే హక్కు దానికే ఉందని సరిపెట్టుకున్నాను.

బందరు కుర్రాళ్ళం నెట్‌లో పెట్టుకున్న గుంపు ఒకటుంది. బందరులో ఉంటున్నవాళ్ళు తప్ప అందరూ ఉంటారందులో. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సముద్రం మొహం చూడనివాడు హైదరాబాదు నుంచి "మంగినపూడి గాలి కోసం ప్రాణం కొట్టుకుంటోంది" అని రాస్తాడు. గుడివాడలో నేను పనిచేసే కంప్యూటర్ షాపులో, బేరాల్లేని ఒక శుక్రవారం పొద్దున అది తెరిచాను. పైన కొవ్వొత్తి బొమ్మ. "మన ఈడేపల్లి లెక్కల మాస్టారు ఇక లేరు. గొప్ప గురువు. తీరని లోటు." దాని కింద ఇంకో ముప్ఫై కొవ్వొత్తులు. కరెంటు పోయిన ఈడేపల్లిలా ఉంది తెర.

తీరని లోటు అన్నవాడి పేరు చూశాను. రెండేళ్ళ క్రితం ఇదే గుంపులో, ఇదే మాస్టారి గురించి, "ఇలాంటివాళ్ళని జైల్లో వెయ్యాలి" అన్నది వాడే. పోనీ వాణ్ణి నిలదీద్దామంటే నాకు నోరు లేదు. వాడా మాట అన్నది నేను రాసినదాని కిందే.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా లాభం లేదు, ఆ పేరుతో ఆయన్నెవరూ పిలిచిన పాపాన పోలేదు. ఎదురుగా మాస్టారూ అనేవాళ్ళం, వెనకాల "అర్థంకాలేదు మాస్టారు" అనేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా, అంకెలు చెరిగిపోయిన స్కేలులా ఉండేవారు. కుడిచెవి ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఆలోచన వచ్చినప్పుడల్లా సుద్దముక్కతో చెవి వెనక గోక్కోవడం అలవాటు. పెళ్ళిభోజనానికి వెళ్ళినా ఆ చెవి అలాగే వెళ్ళేది.

మా నాన్న నన్ను తీసుకెళ్ళి ఆయన వరండాలో నిలబెట్టి, "వీడికి లెక్కలు రావండి" అన్నాడు.

మాస్టారు నా వైపు జాలిగా చూశారు. "నాకూ రావండి. ఇద్దరం కలిసి తంటాలు పడతాం" అన్నారు.

మా నాన్న అది వినయం అనుకున్నాడు. నేను నిజం అనుకున్నాను. రెండూ కాదు, అది పద్ధతి.

ఎలాగంటే, ఆ వరండాలో గోడకి ఒక నల్లబల్ల. మాస్టారు దాని ముందు ఎప్పుడూ నిలబడరు. సుద్దముక్క మన చేతికిచ్చి, తను వెళ్ళి పిల్లల మధ్యలో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. "ఊఁ, చెప్పు. మెల్లిగా చెప్పు బాబూ, నేను మందబుద్ధిని." మనం చెప్పాలి. ఆయన అడ్డుపడతారు.

"ఆ రెండు అక్కణ్ణుంచి ఇక్కడికెలా వచ్చిందిరా? నడిచొచ్చిందా?"

"ఇటు తెచ్చుకున్నాం మాస్టారూ. సమానం దాటితే గుర్తు మారిపోద్ది."

"ఎందుకు మారాలీ? నువ్వు గుడివాడ వెళ్తే నీ ఇంటిపేరు మారిపోతుందా?"

"మారదండి."

"మరి దానికెందుకు మారింది? నాకర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

ఇలా మళ్ళీ చెప్పగా, మళ్ళీ చెప్పగా, నాలుగోసారో అయిదోసారో మనకే తెలియకుండా మన నోట్లోంచి అసలు సంగతి బయటపడేది. అప్పుడు మాస్టారు తొడ మీద ఒక్క దెబ్బ వేసుకుని "ఆఁ..." అనేవారు. నూతిలో పడిన చేద దొరికినప్పుడు అంటారే, ఆ "ఆఁ". బళ్ళో ఇచ్చిన ప్రైజులన్నీ ఎక్కడ పోయాయో నాకు తెలీదు గానీ, ఆ "ఆఁ"లు ఎన్ని సంపాదించానో వేళ్ళ మీద చెప్పగలను. ఏడు.

తక్కువే. ఎందుకంటే నేను సుద్దముక్క పట్టుకున్నప్పుడల్లా వేషాలు వేసేవాణ్ణి. తాటిచెట్టు నీడని బట్టి చెట్టు ఎత్తు కనుక్కోమన్న లెక్క వచ్చింది. "నీడతో పనేముంది మాస్టారూ? రోజూ ఎక్కే గీతగాణ్ణి అడిగితే అంగుళాలతో సహా చెప్తాడు" అన్నాను. చాప చాపంతా నవ్వింది. మాస్టారు అందరికంటే ఎక్కువ నవ్వారు. కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నారు. అవి మళ్ళీ పెట్టుకుని అన్నారు:

"నవ్వొచ్చిందిరా. అర్థం మాత్రం కాలేదు. మళ్ళీ చెప్పు."

ఈ మాట ఆయన ఇంకెవరితోనూ అనేవారు కాదు, నాకొక్కడికే ప్రత్యేకం. జోకు వేసినందుకు తిట్టే మాస్టర్లని చాలామందిని చూశాను. తిడితే హాయి, హీరో అయిపోతాం. ఈయన నవ్వేసి, తరవాత కూర్చుని కాచుకునేవారు. నవ్వయిపోయాక వచ్చే ఆ నిశ్శబ్దంలో బల్ల ముందు నిలబడటం కంటే గోడకుర్చీ నయం.

ఈడేపల్లి పిల్లలకి రెణ్ణెల్లలో తెలిసిపోయేది మాస్టారుది నటన అని. తెలిసినా బయటికి అనేవాళ్ళు కాదు. నాటకం మధ్యలో రాజుగారి కిరీటం అట్టముక్క అని ఎవరు అరుస్తారు? కానీ గిలకలదిండి నుంచి వచ్చే పిల్లలు వేరు. రేవులో పడవ వస్తే పుస్తకం వదిలి పరిగెత్తే ఇళ్ళవాళ్ళు. బళ్ళో వాళ్ళని అంతవరకూ ఎవరూ ఏదీ చెప్పమని అడగలేదు, నోరుముయ్యమని తప్ప. అలాంటిది ఒక పెద్దమనిషి, కళ్ళద్దాలాయన, చాప మీద కూర్చుని "నాకు రాదమ్మా, కాస్త చెప్పు" అంటే వాళ్ళు నిజమే అనుకునేవాళ్ళు. ఇంటికెళ్ళి చెప్పేవాళ్ళు. రేవంతా అదే మాట. పాపం ఈడేపల్లిలో ఒక మాస్టారు, ఎంత చెప్పినా ఎక్కదంట, మన పిల్లలే నేర్పుతున్నారంట. జాలిపడి అప్పుడప్పుడు నాలుగు కానాగంతలు పంపేవాళ్ళు, చేపలు తింటే బుర్ర పెరుగుతుందని.

మాస్టారు వండుకుని తినేవారు. "పెరిగిందా మాస్టారూ?" అని మేం అడిగేవాళ్ళం. "రేపు మళ్ళీ తింటే గానీ చెప్పలేను" అనేవారు.

ఆయనకి నిజంగా లెక్కలొచ్చని నాకు రుజువుతో సహా దొరికింది. గుడివాడ దారిలో ఒక కాలేజీలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది చదువుతుండగా ఒక లెక్క నన్ను రెండ్రోజులు ఏడిపించింది. కాలేజీలో చెప్పేవాడికి అర్థమైతే కదా నాకు అర్థం కావడానికి. బందరొచ్చి మాస్టారి ముందు పెట్టాను. ఆయన పల్లీలు తింటున్నారు. పొట్లం కాగితం విప్పి, దాని మీద పెన్సిలుతో గబగబా గీకేశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రాసేసి, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా సందులోకి అటూ ఇటూ చూశారు.

"ఎవరితోనూ అనకు" అన్నారు.

"అంటే ఏమవుతుంది మాస్టారూ?"

"నాకొచ్చని తెలిస్తే వాళ్ళెందుకు చెప్తార్రా? నన్నే చెప్పమంటారు."

ఆ పొట్లం కాగితం తీసుకున్నాను. అననన్నాను. అనలేదు కూడా. నేను నిలబెట్టుకున్న మాట ఇదొక్కటే, దీన్ని నిలబెట్టుకోకపోయినా బాగుండేది.

ఇలా ఉండగా ఎక్కడో ఒక పెద్ద కాలేజీ హాస్టల్లో పిల్లల్ని కోళ్ళఫారంలో కుక్కినట్టు కుక్కారని పేపర్లో వచ్చింది. జనం మండిపడ్డారు. ప్రభుత్వమూ మండిపడింది, మండిపడటానికి టెండర్లు పిలవక్కర్లేదు కాబట్టి. ప్రైవేటుగా పాఠం చెప్పేవాళ్ళెవరైనా సరే, కాలేజీ అయినా చాప అయినా, ఇకనుంచి అనుమతి తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. చెప్పేవాడి డిగ్రీ ఒరిజినల్ కావాలి. మంటలార్పే ఏర్పాటు ఉండాలి. పాఠం చెప్పే గదికి రెండు తలుపులుండాలి. మూడు వైపులా తెరిచున్న వరండాకి అసలు తలుపే లేదు. నిప్పంటుకుంటే పిల్లలు ఎటైనా పారిపోవచ్చు గానీ, ఉత్తర్వు ప్రకారం పారిపోవడానికి వీల్లేదు.

ఆ ఉత్తర్వులోనే ప్రజలు తమ అభిప్రాయాలూ ఫిర్యాదులూ నెట్‌లో కూడా పంపవచ్చని రాశారు. ప్రజలంటే మేమే. మాకు పంపించే తీరిక బోలెడంత.

ఆ రోజుల్లో నేను మా గుంపులో "బందరు వింతలు" అని వరసగా రాస్తుండేవాణ్ణి. దోమల మీద ఒకటి, బస్టాండు గడియారం మీద ఒకటి, మునిసిపాలిటీ నీళ్ళ మీద ఒకటి అయ్యాయి. నాలుగోదానికి సరుకు లేక, అందరూ ట్యూషన్ల గోల పడుతున్నారు కదా అని, ఇది రాశాను.

"ఈడేపల్లిలో ఒక లెక్కల మాస్టారున్నారు. ఆయనకి లెక్కలు రావు. రానప్పుడు నేర్చుకోవాలి కదా, అందుకే ట్యూషన్ పెట్టారు. పిల్లలు రోజూ సాయంత్రం వెళ్ళి ఆయనకి పాఠం చెప్పి వస్తారు. ఫీజు మాత్రం పిల్లలే కడతారు. పాతికేళ్ళుగా పదో తరగతే చదువుతున్నారు, ఇంకా అర్థం కాలేదట. ఈ ఏడన్నా పాసవ్వాలని మోపిదేవి స్వామికి మొక్కుకుందాం."

ప్రేమతోనే రాశాను. ఆ ప్రేమ ఎక్కడా కనపడకుండా రాయడమే నా గొప్ప అనుకునేవాణ్ణి.

మొదటి రోజు నవ్వులు. రెండోరోజు ఒకడు, "నిజమా బావా? డబ్బులు తీసుకుని పిల్లల చేత చెప్పిస్తాడా?" అన్నాడు. ఇంకొకడు, "నిజమే. మా చెల్లి వెళ్ళేది. ఆయన చాప మీద కూర్చుని వింటాడంతే" అన్నాడు. ఆ పిల్ల ఆ ఏడాది లెక్కల్లో బడికి ఫస్టొచ్చిన సంగతి రాయడం మర్చిపోయాడు. సాయంత్రానికి "ఇది మోసం." మర్నాటికి జైలు. ఆ వారంలోనే ఎవడో ఓటింగు పెట్టాడు, ప్రైవేటు ట్యూషన్లు మూయించాలా అని. అవును, కాదు, చెప్పలేను. అందరూ అవును మీద నొక్కారు. నేనూ నొక్కాను, అందరూ ఉన్నచోట ఒక్కణ్ణే ఎందుకు తేడాగా కనిపించాలని. చెప్పలేను అన్నదాని మీద ఒకే ఒక్క ఓటు పడింది. వాడెవడో, మొత్తం గుంపులో మనిషి వాడొక్కడే.

అది జోకురా బాబూ అని రాయబోయాను. రెండు ముక్కలు కొట్టి చెరిపేశాను. జోకుని విడమరిచి చెప్తే చచ్చిపోతుందంటారు. దాన్ని బతికించుకున్నాను.

ఫిబ్రవరిలో షాపుకి ఫోనొచ్చింది. మాస్టారు. పబ్లిక్ బూత్ లోంచి గట్టిగా అరుస్తున్నారు.

"ఒరే, నా గురించి ఎవరో కంప్యూటర్లో ఏదో రాశారట. అది కాగితం మీదకెక్కి విద్యాశాఖ ఆఫీసుకొచ్చింది. ఎల్లుండి రమ్మన్నారు. నాకా కంప్యూటర్ల సంగతి తెలీదు కదా. నువ్వా షాపులోనేగా ఉండేది, కాస్త తోడొస్తావా?"

వస్తానన్నాను. ఇంకేమంటాను?

విద్యాశాఖ ఆఫీసులో ఆ ఆఫీసరు దుర్మార్గుడైతే ఈ కథ రాయడం నాకు సులువయ్యేది. కాదు. మంచాయన. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి మరీ మొదలుపెట్టాడు.

"మాస్టారూ, మీ డిగ్రీ ఒరిజినల్ తెచ్చారా?"

"లేదండి. సముద్రంలో ఉంది."

"అదేంటండీ?"

"మాది దివిసీమండి. ఉప్పెనలో పెట్టెతో సహా పోయింది."

ఆ పెట్టెతో పాటు ఇంకెవరెవరు పోయారో ఆఫీసరు అడగలేదు, ఆయన చెప్పలేదు. మాక్కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆఫీసరు కొంచెంసేపు పెన్ను తిప్పి, "పోయినట్టు పోలీసు కంప్లయింటు ఇస్తే యూనివర్సిటీవాళ్ళు డూప్లికేట్ ఇస్తారండి" అన్నాడు.

"ఎవరి మీద ఇమ్మంటారండీ?" అన్నారు మాస్టారు, నిజంగానే తెలుసుకుందామని.

ఆఫీసరు నవ్వాడు. "సరే, దానికీ తలుపులకీ మూడు నెలలు గడువు రాస్తాను. పరీక్షల ముందు ఎవర్నీ ఇబ్బంది పెట్టాలని నాకూ లేదు. కానీ ఫిర్యాదొచ్చింది. దీనికొక్కదానికి జవాబు చెప్పండి చాలు." కాగితం తీసి పైకి చదివాడు. నా వాక్యాలు. ఆఫీసు గొంతులో, ఒక్కొక్క ముక్కా విరిచి చదివితే, వాటిల్లో నవ్వొచ్చేది ఒక్కటీ లేదు. పాతికేళ్ళుగా పదో తరగతే చదువుతున్నారు అన్నచోట ప్యూను కూడా అయ్యో అన్నాడు.

ఒక్క మనిషి నవ్వాడు. మోపిదేవి స్వామి దగ్గరకొచ్చేసరికి మాస్టారు ఆపుకోలేక నవ్వేశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుంటూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. అంతే, ఒక్కసారి.

"పాఠం మీరు చెప్తారా, పిల్లలు చెప్తారా? అది చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

మాస్టారు నోరు తెరిచేలోపల గుమ్మంలోంచి, "బాబుగారూ, ఆ మాస్టారి మీద ఈగ వాలితే ఊరుకోనండోయ్" అంటూ ఒకామె లోపలికొచ్చేసింది. చేతిలో ఖాళీ చేపలబుట్ట. వెనక పొడుగాటి పిల్ల. ఆ పిల్లని నాగమణి అందాం, గిలకలదిండిలో నాగమణులు చాలామంది ఉన్నారు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. పదో తరగతి లెక్కలు మూడుసార్లు తప్పింది. మార్చిలో నాలుగోసారి రాయాలి. ఈసారి తప్పితే ఇక చదువు మానిపించి రొయ్యల షెడ్డులో పెట్టేస్తామని ఇంట్లో తేల్చేశారు. మాస్టారి తరఫున సాక్ష్యం చెప్పడానికి, ఎవరూ పిలవకుండానే, రేవు నుంచి నడిచొచ్చారు తల్లీకూతుళ్ళు.

"ఈయన పిల్లలకి పాఠం చెప్పట్లేదంటున్నారమ్మా" అన్నాడు ఆఫీసరు.

"ఎలా చెప్తారు బాబూ, వస్తే కదా! ఆయనకేం రాదండి. నోట్లో నాలిక లేని మనిషి. మా పిల్లే అన్నీ నేర్పుతోంది. ఎంత ఓపిగ్గా నేర్చుకుంటారో! అలాంటి మంచిమనిషి ట్యూషన్ మూయిస్తారా?"

ఆఫీసరు పెన్ను ఆగింది. "ఏమ్మా, నువ్వేనా నేర్పేది?"

నాగమణి తల ఊపింది. మామూలుగా ఆ పిల్ల కొత్తవాళ్ళ ముందు గోడలో కలిసిపోతుంది. ఆ రోజు మాత్రం మెడ నిలబెట్టింది. "మాస్టారికి మొదట్లో అసలేం రాదండి. సగమూ మూడోవంతూ కలిపితే రెండు అయిదోవంతులు అన్నారండి. బుట్టలో సగందాకా చేపలున్నాయి, ఇంకో మూడోవంతు పోశాం, పోశాక బుట్ట తగ్గుద్దా మాస్టారూ అని అడిగానండి. అప్పుడు తెలిసిందండి ఆయనకి. వర్గసమీకరణాలైతే పదిసార్లు చెప్పించుకున్నారు. ఇప్పుడు బానే చేస్తున్నారండి."

చివరి ముక్క మాస్టారి వైపు తిరిగి, కాస్త మెచ్చుకోలుగా అంది.

నేను వెనక నిలబడి ఉన్నాను. జేబులో పర్సు, పర్సులో ఆ పొట్లం కాగితం. అది బల్ల మీద పెట్టి "అయ్యా, ఆ రాసింది నేను, అది జోకు, ఈయనకి ఇంజనీరింగ్ లెక్కలు కూడా నోటికొచ్చు, అలా చెప్పించడం ఈయన పద్ధతి" అని నాలుగు ముక్కలంటే అయిపోయేది. అయితే నాగమణి వినేది, అది నిజమే. పోనీ ఆ పిల్లని బయటికి పంపి చెప్పొచ్చు కదా, అదీ తట్టింది. తట్టలేదని అబద్ధమాడను. ఎవరితోనూ అనకు అన్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. జీవితంలో మొదటిసారి గురువు మాట జవదాటని శిష్యుణ్ణయ్యాను.

"మాస్టారూ, ఇది నిజమేనా?" అడిగాడు ఆఫీసరు. కాదనండి అన్నట్టుంది ఆ అడగడం.

మాస్టారు చెవి వెనక గోక్కున్నారు. చేతిలో సుద్దముక్క లేదు. నాగమణి వైపు చూశారు.

"నిజమేనండి. ఈ అమ్మాయి చెప్పబట్టే నాకొచ్చింది."

ఆఫీసరు నిట్టూర్చి రాసుకున్నాడు. నాగమణి వాళ్ళమ్మ విజయగర్వంతో నావైపు చూసి, "చెప్పాల్సినట్టు చెప్తే ఎందుకు వినరు నాయనా!" అంది.

బయట మెట్ల మీద నేనేదో గొణుగుతుంటే మాస్టారే అన్నారు: "పరీక్షకి ఇరవై రోజులుందిరా. ఇప్పుడా పిల్ల కాళ్ళకింద పీట లాగెయ్యమంటావా?"

వారం తిరక్కుండా సీలు వెయ్యడానికి ఇద్దరొచ్చారు. వరండాకి తలుపుల్లేవు, సీలు దేనికి వెయ్యాలో వాళ్ళకి అర్థం కాలేదు. కాసేపు స్తంభాల చుట్టూ తిరిగి, ఆఖరికి నల్లబల్ల మీద అడ్డంగా గుడ్డపీలిక పరిచి, రెండు కొసలకీ లక్క ముద్రలు కొట్టి వెళ్ళారు. మా గుంపులో ఆ ఫోటో పెట్టి "ఇదీ మన సత్తా" అని రాశారు. అదే నెలలో కోనేరు సెంటర్లో ఒక పెద్ద కాలేజీ హోర్డింగు లేచింది, ప్రభుత్వ అనుమతి పొందినదని. వాళ్ళకి గదికి రెండు తలుపులున్నాయి. రెండూ బయట నుంచి గడియ.

పరీక్షల దాకా మాస్టారు రోజూ సైకిలు తొక్కుకుంటూ గిలకలదిండి వెళ్ళి, వలలు బాగుచేసుకునే చోట ఇసకలో కూర్చుని, నాగమణి చేత పాఠం చెప్పించుకుని వచ్చారు. నల్లబల్ల లేదు కాబట్టి తిరగేసిన పడవ అడుగున సుద్దతో రాసేదట. పడవలకి సీలు వెయ్యాలని ఇంకా ఎవరికీ తట్టలేదు.

నాగమణి పాసయింది. వాళ్ళమ్మ బుట్టలో ఒక పండుగప్ప చేప పెట్టుకుని ఈడేపల్లి వచ్చి మాస్టారికిచ్చింది. "మా పిల్ల గట్టెక్కింది మాస్టారూ. ఇంక మీకు చెప్పేవాళ్ళు లేరని దిగులు పడమాకండి. ఇంటిదగ్గర కూచుని మీరే కాస్త చదువుకోండి" అని ధైర్యం చెప్పిందట. మాస్టారు చదువుకుంటానని మాటిచ్చారట.

ఆ తరవాత ఆయన దివిసీమలో అక్కగారింటికి వెళ్ళిపోయారు. మోపిదేవి దాటాక లోపలికి. నేను ఆరు నెలలకి వెళ్ళాను. ఆరు నెలలు ఎందుకు పట్టిందంటే బస్సులు సరిగ్గా లేవని చెప్పుకోవచ్చు, గంటకొకటి ఉంది.

గడ్డివాము పక్కన నులకమంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. కుడిచెవి నల్లగా, మామూలు చెవిలా ఉంది. ముందు పోల్చుకోలేకపోయాను.

"రా. ఏమిటిలా దారితప్పావు?"

"మీకో సంగతి చెప్పాలి మాస్టారూ."

"చెప్పు. మెల్లిగా చెప్పు."

మొదలుపెట్టాను. "మీ పేరు ప్రపంచమంతా పాకిపోవాలనే సదుద్దేశంతో మాస్టారూ..." అన్నాను. ఆయన నవ్వారు.

"నవ్వొచ్చిందిరా. అర్థం మాత్రం కాలేదు. మళ్ళీ చెప్పు."

రెండోసారి. "ఊళ్ళో దోమలు అయిపోయాయి, గడియారం అయిపోయింది, మిమ్మల్ని తప్ప ఇంకెవర్ని..." మళ్ళీ నవ్వారు. మళ్ళీ అదే మాట. మూడోసారి ఎలా మొదలుపెట్టానో రాయను, అదింకా సిగ్గుచేటు. ప్రతిసారీ అసలు ముక్క దగ్గరకొచ్చేసరికి నోరు దానంతటదే పక్కకి తిరిగేది. ఆయన కోపగించుకోలేదు. రుజువంతా ఆయన దగ్గరే ఉంది, ఆఫీసులో నన్ను చూసిన ఆ ఒక్క చూపులోనే తెలిసిపోయింది. ఆయనకి తెలియాల్సింది ఏమీ లేదు. నా చేత చెప్పించాలి, అంతే.

బస్సు వేళయింది. లేచాను. "మళ్ళీ వస్తాను మాస్టారూ."

"రా. నేనెక్కడికీ పోను. ఎక్కడికి పోవాలన్నా ఒరిజినల్స్ అడుగుతారు."

అది కూడా జోకే. దానికి నేను నవ్వాను. నవ్వి బస్సెక్కాను. మళ్ళీ వెళ్ళలేదు.

ఆ శుక్రవారం కొవ్వొత్తుల కింద నా వంతు వచ్చింది. ఏదైనా రాయమని పెట్టె తెరుచుకుని ఉంది. పైలోకంలో చేరడానికి ఆయన్ని డిగ్రీ అడిగారో లేదో అని ఒక వాక్యం దానంతటదే వచ్చేసింది. చెరిపేశాను. ఇంకోటి వచ్చింది, అదీ చెరిపేశాను. షాపు మూసే వేళకి ఇది మిగిలింది.

"మాస్టారి మీద ఆ ముక్క రాసింది నేను. అది జోకు. ఆయనకి లెక్కలొచ్చని నాకు తెలుసు, రుజువు నా దగ్గరుంది. ఆఫీసులో అడిగిన రోజు నేనక్కడే ఉన్నాను. చెప్పలేదు."

ఎక్కడా వంకర లేదు. చదివితే ఆయన తొడ మీద దెబ్బ వేసుకునేవారు. ఎనిమిదో "ఆఁ" అదేనేమో. పంపించేశాను.

మొదటి జవాబు అయిదు నిమిషాల్లో వచ్చింది. తీరని లోటు అన్నవాడే.

"హహహ! చావు దగ్గర కూడా నీ కామెడీ ఆగదు కదా బావా. సూపర్."

దాని కింద ఇంకో పదకొండు నవ్వులు. లెక్కపెట్టాను. అందరికీ నవ్వొచ్చింది. మళ్ళీ చెప్పమని ఒక్కడూ అనలేదు.